కంపెనీ కట్టర్, లోకల్ కట్టర్: తేడా ఎక్కడ మిగిలింది?

తాడిపత్రి, బేతంచెర్ల, కడప చుట్టూ నాపరాయి పని జరిగే చోట చేతి కట్టర్ తిరగని రోజు ఉండదు. బండ అంచు కొలతకు కోయాలన్నా, సింకు కోసం గట్టుబండకు కంత పెట్టాలన్నా అదే దిక్కు. మధ్యాహ్నం మిషన్ కాలిపోతే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే కొనేటప్పుడు ‘కంపెనీదా (పేరున్న బ్రాండుదా), లోకల్‌దా (పేరు లేని చవకదా)’ అన్న మాట ఇంతగా నలుగుతుంది.

ఒకప్పుడు తేడా ఇనుములోనే తెలిసిపోయేది. దిగుమతులకు లైసెన్సులున్న కాలంలో షాపుల్లో ఒకవైపు పేరు లేని పానాలు, మరోవైపు 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో తయారీ మొదలుపెట్టిన టపారియా లాంటివి ఉండేవి. క్రోమ్ వెనేడియం ఉక్కును సాగగొట్టి, సరిగ్గా పదును పట్టిన (కాల్చి, చల్లార్చి గట్టిపరిచిన) పానా నట్టును వదలదు. పదును లేనిది బిగువు నట్టు మీద నోరు విచ్చుకుంటుంది. నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యాక ఇక ఏ పానాకూ చిక్కదు.

2001 ఏప్రిల్ 1న మన దేశం మిగిలిన 715 రకాల వస్తువుల మీద దిగుమతి పరిమితులు ఎత్తేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఆ తర్వాతే చవక గ్రైండర్లు (అరగదీసే చేతి మిషన్లు), కట్టర్లు చిన్న ఊళ్ల షాపుల దాకా వచ్చాయి. చవక సరుకులో కనిపించే లోపాలు ఇవీ: మోటారులో రాగి బదులు అల్యూమినియం వైండింగ్ (తీగ చుట్లు), తీగల మీద పల్చటి వార్నిష్ పూత, రబ్బరు సీలు లేని బేరింగులు, మెత్తటి గేర్లు.

రాతిపొడి వీటిని ఎలా తింటుందో చూడండి. మోటారును చల్లబరిచే ఫ్యాను వెనక కంతల నుంచి గాలి లాగుతుంది, గాలితో పాటు పొడి కూడా వస్తుంది. అది ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వార్నిష్‌ను గీకుతుంది, తీగలు ఒకదానికొకటి తగులుతాయి, ఆర్మేచర్ కొసన కరెంటు అందుకునే రాగి పట్టీల కమ్యుటేటర్ చుట్టూ నిప్పు ఉంగరంలా కనిపిస్తుంది. వెనక బేరింగులోకి చేరిన పొడి గ్రీజుతో కలిసి సానపట్టే ముద్దవుతుంది. బేరింగు వదులై ఆర్మేచర్ చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కు రాసుకుంటుంది. ‘మోటారు కాలింది’ అని తెచ్చిన మిషన్‌లో ముందు పోయింది చాలాసార్లు ఆ బేరింగే. వోల్టేజీ 180కి పడినప్పుడు మిషన్‌ను నొక్కి కోస్తే కరెంటు ఎక్కువ లాగుతుంది, ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. అప్పుడు ఖరీదైనదీ కాలుతుంది.

ఇప్పుడు లెక్క మారింది. చవక మిషన్లలోనూ రాగి వైండింగ్ దొరుకుతోంది. పెద్ద కంపెనీలూ తక్కువ ధర మోడళ్లు తెచ్చాయి. పేర్లూ చేతులు మారాయి: స్టాన్లీ, బ్లాక్ అండ్ డెక్కర్ 2010లో ఒకటయ్యాయి, హిటాచీ పనిముట్లు 2018లో హైకోకీ అయ్యాయి. పెట్టె మీది పేరు చూసి లోపలి సరుకు తేల్చలేం.

మిగిలిన తేడా నిలకడలోనూ స్పేర్లలోనూ ఉంది. పేరున్న మోడల్‌కు ప్రతి భాగానికీ నంబరు ఉంటుంది. చవక దానిలో ఒక లాటు ఆర్మేచర్ పళ్ల లెక్క, కడ్డీ పొడవు ఇంకో లాటుతో కలవకపోవచ్చు. ఒక్క గేరు పోతే మొత్తం మిషన్ మూలకు చేరుతుంది.

బ్యాటరీ డ్రిల్లుల్లో మాత్రం మోసం ఇంకా స్టిక్కరు మీదే ఉంది. 48, 88, 128 అని రాసిన ప్యాకు విప్పితే చాలావాటిలో వరసగా కలిపినవి 5 సెల్లులే. సెల్లుకు 3.6 చొప్పున 18 వోల్టులు, పూర్తి ఛార్జీలో 21. అంతకు మించి రాదు.

కొనేముందు ప్లగ్ పెట్టకుండా స్పిండిల్‌ను (డిస్కు బిగించే కడ్డీని) చేత్తో తిప్పండి, పక్కకు ఊపండి. ఊగితే వద్దు. తర్వాత ఒక నిమిషం ఖాళీగా నడిపించి బ్రష్‌ల (కమ్యుటేటర్‌కు ఆనే కార్బన్ ముక్కల) దగ్గర నిప్పురవ్వలు చూడండి. చిన్నగా, నిలకడగా ఉంటే ఫరవాలేదు. 100 మి.మీ. గ్రైండింగ్ డిస్కు మీద నిమిషానికి 15,300 చుట్లు అని ఉంటే, మిషన్ వేగం దాన్ని దాటకూడదు, డిస్కును కప్పే గార్డు తీయకూడదు. నెలకు రెండు రోజుల ఇంటి పనికి చవకది చాలు. రోజంతా బండ కోసేవాళ్లు మాత్రం ఆ మోడల్ ఆర్మేచర్, బ్రష్‌ల జత ఉన్నాయా అని అదే షాపులో అడగాలి. అరలోంచి తీసి చూపించాకే డబ్బులివ్వాలి.