ఆడినవాడు ఆడించగలడా? ఫుట్‌బాల్‌లో పాత హీరోలు సొంత క్లబ్‌కి మేనేజర్లైన కథ

టీమ్ వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిందంటే చాలు, స్టాండ్స్‌లో ఎక్కడో ఓ మూల నుంచి ఆ పేరు మొదలవుతుంది. ఒకప్పుడు అదే గ్రౌండ్‌లో గోల్స్ కొట్టినవాడి పేరు, రిటైరై ఏళ్లు గడిచినా జనం వీపుల మీద జెర్సీల్లో ఇంకా కనిపించే పేరు. "అతన్ని పిలిపించండి, మన క్లబ్ అంటే ఏంటో అతనికే తెలుసు" అంటారు. ఆ మాట నేనూ అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు. మనం అభిమానించిన ఆటగాడు సూట్ వేసుకుని మళ్లీ అదే టచ్‌లైన్ దగ్గర నిలబడితే ఒళ్లు పులకరిస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ ఆ పులకరింత ఎవరి విషయంలో నిలిచింది, ఎవరి విషయంలో కొన్ని నెలలకే కన్నీళ్లయింది అని వెనక్కి వెళ్లి చూస్తే, బూట్లు విప్పిన రోజు నుంచి ఈ కుర్చీ ఎక్కిన రోజు దాకా అతను ఎక్కడ ఉన్నాడు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడు అనే దాని మీదే చాలావరకు నడిచిందని నాకు అనిపిస్తుంది.

జట్టుని ఎంపిక చేసి ఆడించే మేనేజర్ అనే ఉద్యోగం అసలు మొదట్లో ఇంగ్లండ్‌లో ఇప్పుడున్నట్టు లేదు. జట్టులో ఎవరు ఆడాలో చాలా క్లబ్బుల్లో డైరెక్టర్లే కూర్చుని తేల్చేవాళ్లు, సెక్రటరీ లెక్కలూ ప్రయాణాలూ చూసుకునేవాడు. 1920ల్లో హడర్స్‌ఫీల్డ్‌లో, తర్వాత ఆర్సెనల్‌లో హెర్బర్ట్ చాప్‌మన్ ఆ పద్ధతిని మార్చాడు. 1945లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చిన మాట్ బస్బీ జట్టు మీద పూర్తి అధికారం తనదేనని ముందే ఒప్పించుకున్నాడు. ఆ బస్బీ ఆటగాడిగా యునైటెడ్ మనిషి కాదు. అతను ఆడింది మాంచెస్టర్ సిటీకీ లివర్‌పూల్‌కీ, అంటే యునైటెడ్ అభిమానులకు అసలు గిట్టని రెండు క్లబ్బులకి. "మనవాడే కావాలి" అనే పట్టుదల ఆ రోజు బోర్డుకి ఉండి ఉంటే యునైటెడ్ చరిత్ర ఇంకోలా ఉండేది.

అలాగని మనవాడు పనికిరాడని కాదు. స్కాట్లాండ్‌లో జాక్ స్టీన్ 1954లో సెల్టిక్ కెప్టెన్‌గా లీగూ కప్పూ రెండూ గెలిచాడు. ఆట మానేశాక అదే క్లబ్‌లో రిజర్వ్ జట్టును చూసుకున్నాడు, తర్వాత డన్‌ఫర్మ్‌లిన్ వెళ్లి 1961 స్కాటిష్ కప్ ఫైనల్లో సెల్టిక్‌నే ఓడించాడు, అక్కణ్నుంచి హైబర్నియన్‌కి. 1965లో సెల్టిక్ పిలిచేనాటికి ఆయన పాత కెప్టెన్ మాత్రమే కాదు, తమని ఫైనల్లో ఓడించిన మేనేజర్ కూడా. రెండేళ్లకే లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ని ఓడించి యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్), 1966 నుంచి వరసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు. మాడ్రిడ్‌లో మిగెల్ మున్యోజ్ కథా దాదాపు అదే కాలంలో నడిచింది. రియల్ మాడ్రిడ్ కెప్టెన్‌గా 1956, 57ల్లో యూరోపియన్ కప్ ఎత్తాడు, 1960లో, 1966లో మేనేజర్‌గా మళ్లీ గెలిచాడు. ఆటగాడిగా, కోచ్‌గా రెండు రకాలుగానూ ఆ కప్పు గెలిచిన మొదటి మనిషి ఆయనే.

ఈ విషయంలో లివర్‌పూల్ కథ ప్రత్యేకం, దాని దగ్గర కాసేపు ఆగాలి.

బాబ్ పైస్లీ 1954 దాకా లివర్‌పూల్‌కి ఆడాడు. తర్వాత ఇరవై ఏళ్లు ఫిజియోగా, ట్రైనర్‌గా, బిల్ షాంక్లీకి కుడిభుజంగా అదే క్లబ్‌లో గడిపాడు. 1974లో షాంక్లీ తప్పుకున్నప్పుడు ఆ కుర్చీ ఈయనకి ఇష్టం లేకుండానే అంటగట్టారు. తొమ్మిది సీజన్లలో ఆరు లీగ్ టైటిళ్లు, మూడు యూరోపియన్ కప్పులు! ఆయన పెద్ద స్టార్ కాదు, పోస్టర్ మీద ముఖం కాదు. యాన్‌ఫీల్డ్‌లో బూట్లు పెట్టే చిన్న గదిలో కూర్చుని ఏ ఆటగాడి మోకాలు ఎలా ఉంది, ఎవరు అలిసిపోయారు అని రోజూ మాట్లాడుకుంటూ పని నేర్చుకున్న మనిషి.

అసలైన స్టార్ వంతు 1985 మే నెలలో వచ్చింది. లివర్‌పూల్ ఆడిన యూరోపియన్ కప్ ఫైనల్‌కి ముందు బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో గొడవల్లో 39 మంది చనిపోయిన మర్నాడే, 34 ఏళ్ల కెన్నీ డాల్‌గ్లిష్‌ని ప్లేయర్-మేనేజర్‌గా ప్రకటించారు. నిన్నటిదాకా పక్కన కూర్చుని జోకులేసుకున్నవాళ్లని ఇవాళ జట్టులోంచి తీసెయ్యాలి, ఎంత కష్టమో ఊహించుకోండి. అయినా మొదటి సీజన్ చివర్లో, 1986 మే 3న, చెల్సీ గ్రౌండ్‌లో గెలిస్తే టైటిల్ అనే మ్యాచ్‌లో, జిమ్ బెగ్లిన్ గాల్లోకి లేపి ఇచ్చిన బంతిని డాల్‌గ్లిష్ ఛాతీతో దించుకుని, నేలకు తగలకముందే వాలీగా నెట్‌లోకి కొట్టాడు. 1-0. జట్టుని ఎంపిక చేసిందీ అతనే, టైటిల్ గోల్ కొట్టిందీ అతనే. వారానికే ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ కూడా వచ్చింది. పాత హీరోని పిలవండి అనే ప్రతి అభిమాని గుండెలో ఉండేది ఇలాంటి దృశ్యమే.

కానీ ఆ దృశ్యంలో కనిపించని మనుషులున్నారు. సలహాదారుగా పైస్లీ పక్కనే ఉన్నాడు. రోనీ మోరన్, రాయ్ ఎవాన్స్ లాంటి పాత కోచ్‌లు ఎప్పట్లాగే రోజువారీ పని చూసుకున్నారు. అంటే డాల్‌గ్లిష్‌ది అనుభవం లేని ఒంటరి ప్రయోగం కాదు, సగం నడుస్తున్న యంత్రం మీద చెయ్యి పెట్టాడు అంతే. అతని ప్రతిభని తగ్గించడానికి చెప్పట్లేదు ఈ మాట, 1988లోనూ 1990లోనూ మళ్లీ టైటిళ్లు గెలిచాడు. ఈ కథని ఉదాహరణగా చూపించేవాళ్లు ఎప్పుడూ ఆ పాత కోచ్‌ల సంగతి వదిలేస్తారు, అదే నా బాధ.

ఇంకో సంగతి కూడా వదిలేస్తారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో, లివర్‌పూల్ మ్యాచ్‌లో, ఆ క్లబ్ అభిమానులున్న స్టాండ్‌లో తొక్కిసలాట జరిగింది. అది చివరికి 97 మంది ప్రాణాలు తీసింది. క్లబ్ మనిషిగా, ఆ అభిమానుల మనిషిగా డాల్‌గ్లిష్ అంత్యక్రియలకు తిరిగాడు, ఒకే రోజు నాలుగింటికి వెళ్లిన సందర్భం కూడా ఉంది. బయటి నుంచి వచ్చిన మేనేజర్ అయితే సంతాపం చెప్పి ఆటలో పడేవాడేమో, ఇతను పడలేకపోయాడు. 1991 ఫిబ్రవరిలో ఎవర్టన్‌తో ఎఫ్ఏ కప్ మ్యాచ్‌లో లివర్‌పూల్ నాలుగుసార్లు ఆధిక్యంలోకి వెళ్లి నాలుగుసార్లూ దాన్ని పోగొట్టుకుంది, 4-4. డిఫెన్స్‌లో మార్పు చెయ్యాలని తెలిసి కూడా చెయ్యలేకపోయానని తర్వాత తనే చెప్పాడు. రెండు రోజులకి రాజీనామా చేశాడు. సొంత క్లబ్ అన్న బంధం బలమే, కానీ ఆ బరువు మనిషిని ఎంత లోతుకి లాగుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలీదు.

తర్వాత వచ్చింది ఇంకో పాత కెప్టెన్, గ్రేమ్ సూనెస్. రేంజర్స్‌లో టైటిళ్లు గెలిచి మరీ వచ్చాడు, అనుభవం లేదనడానికి లేదు. కానీ జట్టుని మరీ తొందరగా మార్చబోయాడు. 1992లో ఎఫ్ఏ కప్ గెలిచినా 1994 జనవరికల్లా వెళ్లిపోయాడు. కాబట్టి బయట నేర్చుకుని వస్తే చాలు అని కూడా తేల్చెయ్యలేం.

స్పెయిన్‌కి వెళ్దాం. బార్సిలోనాలో యోహాన్ క్రైఫ్ 1988లో మేనేజర్‌గా వచ్చేముందు అయాక్స్‌లో మూడేళ్లు పనిచేసి, 1987లో యూరప్ టోర్నీల్లో ఒకటైన కప్ విన్నర్స్ కప్ గెలిచాడు. బార్సాకి వరసగా నాలుగు లీగ్ టైటిళ్లు, 1992లో వెంబ్లీలో మొదటి యూరోపియన్ కప్ తెచ్చాడు. ఆ రోజు ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రీకిక్‌తో గోల్ కొట్టింది రోనాల్డ్ కూమన్, మిడ్‌ఫీల్డ్‌లో ఆడింది పెప్ గార్డియోలా. ఇద్దరూ తర్వాత అదే క్లబ్ మేనేజర్లయ్యారు. గార్డియోలా ముందు ఒక ఏడాది బార్సా బి జట్టుని నాలుగో శ్రేణి లీగ్‌లో నడిపాడు, వందల మంది చూసే మ్యాచ్‌ల్లో కుర్రాళ్లతో తంటాలు పడి ప్రమోషన్ తెచ్చాడు. 2008లో పెద్ద జట్టు చేతికొచ్చాక నాలుగేళ్లలో 14 ట్రోఫీలు. కూమన్ ఎన్నో జట్లకు కోచ్‌గా పనిచేసి 2020లో వచ్చాడు, కానీ వచ్చింది క్లబ్ అప్పుల్లో మునిగిపోతున్నప్పుడు. మరుసటి ఏడాది ఆగస్టులో మెస్సీ వెళ్లిపోయాడు, అక్టోబర్‌లో కూమన్‌ని తీసేశారు. అతని చోట ఖతార్‌లోని అల్ సద్ నుంచి చావీని తీసుకొచ్చారు. చావీ 2023లో లీగ్ గెలిచాడు, 2024 జనవరిలో సీజన్ తర్వాత వెళ్లిపోతానన్నాడు, ఏప్రిల్‌లో ఉంటానన్నాడు, మేలో క్లబ్ తీసేసింది. బార్సా చరిత్రలో అంత గొప్ప మిడ్‌ఫీల్డర్‌ని అలా ఊగిసలాడించి పంపడం చూసి నిజంగా బాధేసింది.

మనకో సామెత ఉంది, ఇంట గెలిచి రచ్చ గెలవమని. ఈ ఉద్యోగంలో అది తిరగబడుతుంది, రచ్చ గెలిచి ఇంటికి రావాలి. డియెగో సిమియోనే 1996లో అట్లెటికో మాడ్రిడ్‌కి లీగ్ గెలిపించిన జట్టులో ఆడాడు. మేనేజర్‌గా వచ్చింది 2011 డిసెంబర్‌లో, అర్జెంటీనాలో ఎస్టూడియాంటెస్‌తో, రివర్ ప్లేట్‌తో టైటిళ్లు గెలిచి, ఇటలీలో కాటానియాని కాపాడి వచ్చాడు. అట్లెటికో మళ్లీ లీగ్ గెలిచింది 2014లో, పద్దెనిమిదేళ్ల తర్వాత, అతని చేతుల మీదుగానే. యువెంటస్‌లో ఆంటోనియో కాంటే కూడా అంతే. అరెట్జో జట్టుతో మూడో డివిజన్‌కి పడిపోయాడు, బారీనీ సియెనానీ పై డివిజన్‌కి తెచ్చాడు, ఆ తర్వాతే 2011లో సొంత గూటికి. వరసగా మూడు టైటిళ్లు, మొదటి సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడలేదు.

అదే యువెంటస్ 2020లో ఏం చేసిందో చూడండి. జులై 30న ఆండ్రియా పిర్లోని అండర్-23 జట్టు కోచ్‌గా ప్రకటించారు. ఆగస్టు 8న, అతను ఒక్క మ్యాచ్‌కి కూడా కోచింగ్ ఇవ్వకముందే, పెద్ద జట్టు మేనేజర్ మౌరీజియో సారీని తీసేసి ఆ స్థానంలో కూర్చోబెట్టారు. కోచింగ్‌లో అత్యున్నత లైసెన్స్ అయిన యూఈఎఫ్‌ఏ ప్రో కోర్సు అతను పూర్తి చేసిందే సెప్టెంబర్‌లో. ఇటాలియన్ కప్ వచ్చింది, కానీ వరసగా తొమ్మిదేళ్లు గెలిచిన లీగ్ చేజారి జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది టైటిల్ కొట్టింది ఇంటర్, దాని మేనేజర్ ఎవరు? కాంటే! పిర్లో పాసింగ్ చూస్తూ పెరిగినవాణ్ని, అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. పది రోజుల్లో అంత పెద్ద బరువు నెత్తిన పెట్టినవాళ్లదే తప్పు.

ఇంగ్లండ్‌లో ఇటీవలి కథలు ఇంకా బాధాకరం. 2009 ఏప్రిల్‌లో న్యూకాజిల్ పడిపోయే స్థితిలో ఉంటే, క్లబ్ తరఫున 206 గోల్స్ కొట్టిన అలన్ షియరర్‌ని చివరి ఎనిమిది మ్యాచ్‌లకి పిలిచారు. ఒక్కటి గెలిచారు, ఆఖరి రోజున ఆస్టన్ విల్లా చేతిలో 1-0తో ఓడి కింది డివిజన్‌కి దిగిపోయారు. 2018 డిసెంబర్‌లో యునైటెడ్‌కి తాత్కాలికంగా వచ్చిన ఓలే గున్నర్ సోల్‌షార్ మొదటి 19 మ్యాచ్‌ల్లో 14 గెలిచాడు. పారిస్‌లో పీఎస్‌జీని 3-1తో ఓడించిన రాత్రి, అతనితో కలిసి ఆడిన రియో ఫెర్డినాండ్ టీవీ స్టూడియోలో కూర్చుని కాంట్రాక్ట్ కాగితం ముందు పెట్టండి, అంకె అతన్నే రాసుకోనివ్వండి అన్నాడు. ఆ రాత్రి ఆ మాట కాదన్న అభిమాని ఉంటాడని అనుకోను. మార్చిలో ఉద్యోగం ఖాయం చేశారు, సీజన్ ఆరో స్థానంతో ముగిసింది. తర్వాత ఒక ఏడాది రెండో స్థానం కూడా వచ్చింది, యూరోపా లీగ్ ఫైనల్ పెనాల్టీల్లో 11-10తో పోయింది. 2021 నవంబర్‌లో వాట్‌ఫర్డ్‌లో 4-1తో ఓడిన మర్నాడు పంపేశారు.

చెల్సీకి 211 గోల్స్ కొట్టిన ఫ్రాంక్ లాంపార్డ్‌ని 2019లో పిలిచినప్పుడు కొత్త ఆటగాళ్లని కొనకుండా క్లబ్ మీద ట్రాన్స్‌ఫర్ నిషేధం ఉంది, స్టార్ ఆటగాడు హజార్డ్ వెళ్లిపోయాడు, అతని అనుభవమేమో డార్బీలో ఒక్క సీజన్. అలాంటప్పుడు పేరున్న మేనేజర్లు వెనకాడతారు, అభిమానులు మాత్రం సొంత హీరో అయితే ఓపిక పడతారు. బోర్డులకి ఇది బాగా తెలుసు. పాత హీరో వస్తే స్టాండ్స్‌లోంచి యజమాని మీదకి రావాల్సిన కోపం ఒక ఏడాది ఆగుతుంది. లాంపార్డ్ కుర్రాళ్లతో జట్టుని నాలుగో స్థానంలో నిలిపాడు, ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. తర్వాతి వేసవిలో 200 మిలియన్ పౌండ్లకు పైగా ఖర్చుపెట్టారు, ఆశలు పెరిగాయి, జనవరికి జట్టు తొమ్మిదో స్థానానికి జారింది. కొవిడ్ వల్ల ఖాళీగా ఉన్న స్టేడియంలో ఫ్రాంక్ మీద మాకు నమ్మకముంది అనే పెద్ద బ్యానర్ వేలాడుతుండగా ఒక కప్ మ్యాచ్ గెలిచారు. మర్నాడే తీసేశారు. నాలుగు నెలలకి అదే జట్టుతో, అతని స్థానంలో వచ్చిన తూహెల్ ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. అంతటితో ఆగినా బాగుండేది, 2023లో మళ్లీ తాత్కాలికంగా పిలిచారు, 11 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు.

రోమాలో డేనియేలే డి రోసీకి 2024లో జరిగింది దీనికంటే ఘోరం. జనవరిలో మొరీన్యో స్థానంలో వచ్చి జట్టుని నిలబెట్టాడు, వేసవిలో మూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు, కొత్త సీజన్‌లో నాలుగంటే నాలుగు లీగ్ మ్యాచ్‌లు కాగానే తీసేశారు. అభిమానుల కోపం ఏ స్థాయికి వెళ్లిందంటే, కొన్ని రోజులకే క్లబ్ సీఈఓ రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. నన్నడిగితే ఆ కోపం వంద శాతం న్యాయం.

క్లబ్‌కి సేవ చెయ్యాలంటే ఈ కుర్చీయే ఎక్కాలని లేదు. బాబీ చార్ల్టన్ 1973లో ప్రెస్టన్ మేనేజర్‌గా వెళ్తే మొదటి సీజన్‌లోనే జట్టు కింది డివిజన్‌కి పడిపోయింది. యునైటెడ్ మేనేజర్ పదవి వైపు ఆయన ఎప్పుడూ వెళ్లలేదు. 1984లో డైరెక్టర్ అయ్యాడు. రెండేళ్లకి అలెక్స్ ఫెర్గూసన్‌ని మేనేజర్‌గా తెచ్చిన బోర్డులో ఆయనా ఉన్నాడు.

జినెదిన్ జిదాన్ పేరు చెప్పగానే, పెద్ద పేరుంటే చాలని అతను రుజువు చేశాడు కదా అంటారు. మూడేళ్లలో వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు, నిజమే. కానీ 2006లో ఆట మానేసిన మనిషి రియల్ మాడ్రిడ్ పెద్ద జట్టు పగ్గాలు పట్టింది 2016 జనవరిలో. మధ్యలో అప్పటి మేనేజర్ ఆంచెలోటీకి అసిస్టెంట్‌గా ఒక ఏడాది బెంచీ మీద కూర్చున్నాడు. 2014లో రిజర్వ్ జట్టు కాస్టీయాకి మూడో శ్రేణి లీగ్‌లో కోచ్ అయ్యాడు. సరైన లైసెన్స్ లేదని ఫెడరేషన్ అతని మీద మూడు నెలల నిషేధం కూడా వేసింది, అప్పీల్‌లో అది కొట్టేశారు. ఆ సీజన్‌లో కాస్టీయా ఆరో స్థానంలో ఆగిపోయింది, ప్లేఆఫ్‌కి కూడా చేరలేదు. ప్రపంచకప్ గెలిచిన జిదాన్ తర్వాతి సీజన్‌లో మళ్లీ అదే లీగ్‌కి, అదే కుర్రాళ్ల దగ్గరికి వెళ్లి ట్రైనింగ్ మొదలుపెట్టాడు.