కొండచిలువ జతకు సిద్ధమేనా? బాల్ పైథాన్ పెంపకంలో అపోహలు, వాస్తవాలు

పెయ్య ఎదకొచ్చిందంటే వీధంతా తెలుస్తుంది. అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, పక్క పశువు మీదకి ఎక్కుతుంది. అయినా గరివిడి, చీపురుపల్లి వైపు అనుభవమున్న రైతు మొదటి ఎదకే సూది వేయించడు. ఒళ్లు చూస్తాడు, బరువు చూస్తాడు, అవసరమైతే ఒకటి రెండు ఎదలు వదిలేస్తాడు. పాము అరవదు. దాని సంగతి తెలియాలంటే మనం రాసుకున్న పుస్తకమే దిక్కు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువను పెంచుతున్నవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాటలు, వాటి వెనకున్న నిజాలు ఇవి.

అపోహ: "పొలంలో దొరికిన పామైతేనేటి, జాగ్రత్తగా పెంచితే సరి."

కుదరదు. నాగుపాము, జెర్రిపోతు, రక్తపింజరి, మన కొండచిలువ, రెండు తలల పాము, అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. వాటిని పట్టడం, ఇంట్లో ఉంచడం నేరం. ఇక్కడ మాట్లాడుతున్నది పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన, విషం లేని బాల్ పైథాన్ గురించి. అదీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార నియంత్రణ ఒప్పందం (సైటిస్) రెండో అనుబంధంలో ఉన్న జీవి. 2022లో చట్టాన్ని సవరించి, 2024లో నియమాలు తెచ్చాక, ఇలాంటి జీవి చేతిలో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దగ్గర నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, పాము చనిపోయినా, చేతులు మారినా తెలియజేయాలి. తల్లికే కాగితం లేకపోతే రేపు పుట్టే పిల్లలకు కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? జత గురించి ఆలోచించే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.

అపోహ: "రెండేళ్లు నిండాయి, ఇంకేటి సూడాల?"

వయసు ఒక్కటే సరిపోదు, బరువు ఒక్కటీ సరిపోదు. ఆడపాముకు మూడేళ్లు నిండాలి, ఖాళీ కడుపుతో 1500 గ్రాములు దాటాలి. ఇది కనీసపు హద్దు. మా సలహా మాత్రం 1700 దాకా ఆగమనే. మగదానికి ఏడాదిన్నర వయసు, 700 గ్రాముల బరువు చాలు.

ఆడదానికి అంత ఎందుకో చిన్న లెక్క చూడండి. సగటున ఆరు గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు సుమారు 90 గ్రాములు. ఆరూ కలిపి 540 గ్రాములు. అంటే 1500 గ్రాముల తల్లి తన ఒంట్లో మూడో వంతుకు పైగా తీసి గుడ్లలో పెడుతోందన్నమాట. పైగా కడుపులో గుడ్డు మొలకలు (ఫాలికల్స్) పెద్దవయ్యాక చాలా పాములు తిండి ముట్టవు. గుడ్లు పెట్టేదాకా రెండు మూడు నెలలు నిల్వ మీదే బతకాలి. ఆ నిల్వ లేని పాముతో జత కట్టిస్తే గుడ్లు తక్కువ పడతాయి, పిల్ల కట్టని వట్టి గుడ్లు పడతాయి, లేదా గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. నాలుగు గుడ్లు పెట్టి ఆగిపోయి, రెండు రోజులైనా తోక వైపు గడ్డలాగా ఇంకోటి తగులుతుంటే అది ఇరుక్కున్న గుడ్డే. చేత్తో నొక్కి తీయబోతే గర్భనాళం చిరిగిపోతుంది. పాముల వైద్యం తెలిసిన పశువైద్యుని దగ్గరికి అప్పటికప్పుడు తీసుకెళ్లాలి. ఆ వైద్యుడు ఎవరో ముందే కనుక్కుని పెట్టుకోండి. గరివిడిలోని పశువైద్య కళాశాలలో అడిగి చూడవచ్చు. పాము ఇబ్బందిలో పడ్డాక వెతుక్కోవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

బరువు తీయడానికి కిరాణా కొట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా చాలు, ఒక గ్రాము తేడా చూపించేదైతే మంచిది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాను ముందు కాటా మీద పెట్టి సున్నా చేసి, తర్వాత పామును అందులో పెట్టండి. తిన్న మర్నాడు తూచిన బరువు లెక్కలోకి రాదు. తిని వారం గడిచి, మలం పడ్డాక తూచాలి. నెలకోసారి, అదే కాటా మీద. పుస్తకంలో తేదీ, బరువు, తిన్న ఎలుక బరువు, తినకపోతే ఆ మాట, కుబుసం ఎప్పుడు విడిచింది, ఒకే ముక్కగా వచ్చిందా లేదా, ఇవన్నీ రాయండి. ఆరు నెలలు వరసగా బరువు తగ్గకుండా, కళ్ల మీది పొరతో సహా కుబుసం నిండుగా వస్తుంటే అప్పుడు ఆ పాము గురించి ఆలోచించవచ్చు. ఒక్క రోజు చూసి "బాగానే ఉంది" అనడానికి ఇది సంతలో కొనే మేక కాదు.

అపోహ: "లావుగా ఉంటే గుడ్లు ఎక్కువ పెడతాది."

ఈ మాట చేసినంత చెరుపు ఇంకేదీ చేయలేదు. వారానికి రెండు పెద్ద ఎలుకలు మేపి ఏడాది తిరక్కుండానే 1500 గ్రాములకు తెచ్చేవాళ్లున్నారు. అది ఎదిగిన బరువు కాదు, పేరుకున్న కొవ్వు. పామును నేల మీద వదిలి పైనుంచి, పక్కనుంచి చూడండి. నడుము అడ్డుకోత గుండ్రని త్రికోణంలా ఉండాలి. వెన్నెముక కత్తి అంచులా పైకి తేలితే బక్కగా ఉన్నట్టు. వెన్ను పొడవునా గాడి పడి, ఒళ్లు వంచినప్పుడు మడతలు కనిపిస్తూ, తిననప్పుడు కూడా పొలుసుల మధ్య చర్మం బయటపడుతుంటే కొవ్వు పట్టినట్టు. కొవ్వు పట్టిన పాములో వట్టి గుడ్లు, ఇరుక్కునే గుడ్లు ఎక్కువ. 1500 గ్రాముల పాముకు పది పద్నాలుగు రోజులకోసారి 80 నుంచి 120 గ్రాముల ఎలుక ఒకటి సరిపోతుంది.

ఇంకో మాట. పొలంలో బోనుకు పడ్డ ఎలుకను, పందికొక్కును పెట్టకండి. వరి చేలల్లో, తోటల్లో ఎలుకల మందు పెట్టేది అందరికీ తెలిసిందే. మందు తిన్న ఎలుక చావకముందే బోనులో పడొచ్చు. పరాన్నజీవుల బెడద దానికి అదనం. ఇంట్లో పెంచిన తెల్ల ఎలుకలే పెట్టాలి.

అపోహ: "నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం కదా, మన పాముకీ బలానికి పట్టకూడదేటి?"

పూజ వేరు, మేత వేరు. పాలలోని చక్కెర పాముకు అరగదు. బాగా దాహంతో ఉన్న పాము నీళ్లనుకుని తాగితే తాగొచ్చు, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. గుడ్డు పెంకుకు కావలసిన సున్నం ఎలుక ఎముకల్లోనే ఉంది. మొత్తం ఎలుక తింటున్న పాముకు విడిగా బలం మందు అక్కర్లేదు. చేయవలసిందల్లా శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉంచడం.

అపోహ: "మలద్వారం పక్కన ముల్లు పెద్దదుంటే మగది."

కొండచిలువ జాతిలో ఆడామగా రెండిటికీ ఆ ముల్లు ఉంటుంది. దాన్ని చూసి తేల్చితే రెండు మగవాటిని ఒకే టబ్బులో వేసే ప్రమాదం ఉంది. అవి కొట్లాడుకుంటాయి. మొద్దు మొన ఉన్న సన్నటి సలాకతో తోక వైపు లోతు చూస్తే ఆడదానిలో రెండు నుంచి నాలుగు పొలుసుల దాకా వెళ్తుంది, మగదానిలో ఎనిమిది దాటుతుంది. చేయి తిరిగినవాళ్లే చేయాల్సిన పని. కొత్తవాళ్లు చేస్తే లోపల గాయం చేస్తారు.

పాములు కొట్లాడుకోవడం గురించి మన దగ్గర పెద్ద భ్రమే ఉంది. చేను గట్టు మీద రెండు పాములు నిలువెత్తున పెనవేసుకుని లేస్తే "సరసమాడుతున్నాయి, తెల్లగుడ్డ కప్పండి" అంటారు. జెర్రిపోతు, నాగుపాము ఆలుమగలనీ అంటారు. చాలాసార్లు ఆ రెండూ మగ జెర్రిపోతులే. ఎవరు బలవంతుడో తేల్చుకుంటున్నాయి. దున్నపోతు, మేకపోతు అన్నట్టు పేరులోనే "పోతు" ఉండటం వల్ల ఆ జాతంతా మగదనుకున్నారో ఏమో గానీ, జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, వాటి గుడ్లు అవే పెట్టుకుంటాయి. నాగుపాముది వేరే కుటుంబం, రెండిటికీ జత కుదరదు. టబ్బులోనూ అంతే: పెనవేసుకున్నాయి గనక జత అయిందనుకోకండి. నిజంగా జత కట్టినప్పుడు తోకలు మాత్రమే ఒకదాని కిందకి ఒకటి చేరి, కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా కదలకుండా ఉంటాయి.

అపోహ: "ఏడాదంతా ఒకే టబ్బులో వదిలేస్తే వాటి టైముకి అవే చూసుకుంటాయి."

చూసుకోవు. తిండి దగ్గర పోటీ పడతాయి, ఒకటి వెచ్చని చోటు ఆక్రమిస్తే రెండోది ఒత్తిడిలో పడి తిండి మానేస్తుంది. ఏది కక్కిందో, ఏది మలం వేసిందో కూడా తెలియదు. కొత్త పామును తెస్తే 90 రోజులు వేరే గదిలో ఉంచండి. నీళ్ల గిన్నెలో గుండుసూది తలంత నల్లటి చుక్కలు తేలితే అవి మైట్స్, పాము రక్తం తాగే చిన్న పురుగులు. నోట్లో నురగ, నోరు తెరిచి ఊపిరి పీల్చడం ఉంటే శ్వాసకోశ జబ్బు. ఆ పామును ఆ ఏడాది జతకు దించకూడదు. అన్నీ బాగుంటే మగదాన్ని ఆడదాని టబ్బులోకి రెండు మూడు రోజులు వదిలి, తర్వాత నాలుగైదు రోజులు విడదీసి మేపాలి. ఈ కాలంలో మగదాని బరువు కూడా తూచుకోండి. పదో వంతు తగ్గిందంటే దాని పని ఆ ఏటికి ఆపేయాలి.

అపోహ: "చలి తగలకపోతే జత కట్టవు, అందుకని డిసెంబర్లో హీటర్ తీసేయాలి."

సగం నిజం. బాల్ పైథాన్‌కు రాత్రి వేడి కొంచెం తగ్గితే జత కట్టే కాలం వచ్చిందని తెలుస్తుంది. కానీ ఆ తగ్గుదల 24, 25 డిగ్రీల దాకానే. పగలు టబ్బులో ఒక మూల 31, 32 ఉండాలి. మన దగ్గర అక్టోబర్ చివర రాత్రులు దాదాపు అంతే ఉంటాయి గనక వేరే ఏర్పాటు అక్కర్లేదు. డిసెంబర్, జనవరిల్లో రేకుల గదిలో తెల్లవారుజామున అంతకంటే బాగా పడిపోతుంది. ఆ చలికి తేమ తోడైతే ఊపిరితిత్తుల జబ్బు వచ్చేస్తుంది. అంటే ఇక్కడ హీటర్ పని చలి పెట్టడం కాదు, చలిని 24 దగ్గర ఆపడం. అక్టోబర్ 2018లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల కాలం, జత కాలం ఒకేసారి నడుస్తాయి. టబ్బును వెచ్చబరిచే హీట్ మ్యాట్‌ను, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి.

అమెరికాకు చెందిన, విషం లేని కార్న్ స్నేక్ సంగతి వేరు. దానికి ఆనవాయితీగా ఇచ్చే శీతల నిద్ర 10 నుంచి 13 డిగ్రీల్లో రెండు నెలలు. అది మన సముద్రతీరంలో గది చలితో అయ్యే పని కాదు.

అపోహ: "తిండి మానేసిందంటే కడుపుతో ఉన్నట్టే."

కుబుసం ముందు మానేస్తుంది, చలికి మానేస్తుంది, జబ్బుతో మానేస్తుంది. ఒక్క గుర్తుతో తేల్చకండి. ఒళ్లు రంగు లేతగా మారడం, వెల్లకిలా లేదా పక్కకు ఒరిగి పడుకోవడం, నీళ్ల గిన్నెకు చుట్టుకోవడం, వెచ్చని చోటు వదలకపోవడం, ఇవి కలిసి కనిపిస్తే అనుమానించవచ్చు. స్కానింగ్‌లో ఫాలికల్స్ 20 మిల్లీమీటర్లు దాటితే దారిలో ఉన్నట్టు. అండం విడుదలయ్యే రోజున నడుము మధ్య పెద్ద ఎలుక మింగినంత ఉబ్బు వచ్చి ఒక రోజులో తగ్గిపోతుంది. ఆ రోజు కంటపడకపోయినా నష్టం లేదు. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో కుబుసం విడుస్తుంది, అక్కణ్నుంచి నెల అటూఇటూగా గుడ్లు పెడుతుంది. ఉబ్బు కనిపించాక మగదాన్ని మళ్లీ వేయనక్కర్లేదు.

అపోహ: "గుడ్లు పెట్టిందంటే జత కుదిరినట్టే."

మగది లేకుండానే ఆడ కొండచిలువ వట్టి గుడ్లు పెట్టగలదు. అవి పసుపుగా, చిన్నగా, మైనం ముద్దలా ఉంటాయి. చాలా అరుదుగా మగది లేకుండా పిల్లలూ పుట్టవచ్చు. ఇది విడ్డూరమేమీ కాదు. మన పెరట్లో పూలకుండీ కింద వానపాములా కనిపించే గుడ్డిపాము జాతిలో అన్నీ ఆడవే. విశాఖపట్నం ప్రాంతపు పాముల వివరాల ఆధారంగా 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు.

అపోహ: "మనకి ఎండలకేం కొదవ, గుడ్లు వాటంతటవే పొదుగుతాయి."

కార్తీకంలో జత కట్టిస్తే గుడ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి. 31.5 డిగ్రీల్లో పొదగడానికి 55 నుంచి 60 రోజులు. అంటే నడివేసవి. గుడ్లు పొదిగే పెట్టె (ఇంక్యుబేటర్) వేడి పెంచగలదు గానీ చల్లబరచలేదు. గది 36కి చేరితే థర్మోస్టాట్ హీటర్‌ను ఆపేసినా పెట్టె లోపల వేడి ఎక్కుతూనే ఉంటుంది. 34 దాటితే పిల్లల వెన్ను వంకర పోతుంది, లేదా గుడ్డులోనే చనిపోతాయి. కొన్ని గంటలు వేడి తగ్గితే గుడ్లు తట్టుకుంటాయి, పెరిగితే తట్టుకోవు. రేకుల గదిని మానేసి కింది అంతస్తులో ఉత్తరపు గది చూడండి. మందపు థర్మోకోల్ పెట్టెలో అడుగున నాలుగైదు నీళ్ల సీసాలు పేర్చితే వేడి ఒక్కసారిగా ఎగబాకదు. అలాంటి గది గానీ ఏసీ గానీ లేకపోతే, పాము సిద్ధంగా ఉన్నా ఇల్లు సిద్ధంగా లేనట్టే. ఈ ప్రశ్నకు జవాబు మేలో కాదు, మగదాన్ని వదిలే ముందు, నవంబర్లోనే కావాలి.

అపోహ: "ఒకసారి పెట్టింది గనక ఏటా పెడతాది."

గుడ్లు తీశాక టబ్బు కడిగి, గుడ్ల వాసన పోయేలా తల్లిని గోరువెచ్చని నీళ్లతో తుడవండి. వాసన ఉన్నంతసేపు చుట్ట విప్పదు, తిండి ముట్టదు. మొదటి రెండు మూడుసార్లు మామూలుకంటే చిన్న ఎలుక, వారానికొకటి. నెలనెలా తూచుకుంటూ రండి. మళ్లీ కార్తీకం వచ్చేసరికి జతకు ముందున్న బరువుకు చేరకపోతే ఆ ఏడు మగదాన్ని వేయకండి.