వానొస్తే కొట్టుకుపోతుందా? షెడ్లు, షాపుల వాళ్ళ అపోహలు - వాస్తవాలు

రోహిణి ఎండలు తగ్గి మబ్బు పట్టిందంటే నాకు పని పెరుగుతుంది. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో మెకానిక్ షెడ్లు, వాటర్ సర్వీసింగ్ సెంటర్లు, హోటళ్ళు, ఇళ్ళు కట్టే మేస్త్రీల దగ్గరికి వెళ్తాను. వాళ్ళ ఆయిల్, మడ్డి, సిమెంటు వాన నీళ్ళలో కలవకుండా ఏర్పాట్లు చేయించడం నా పని. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట: "వానొస్తే అంత కొట్కపోతది సార్, మీరెందుకు పరేషాన్ అయితున్రు?" మిగతా అపోహలన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

అపోహ: వాన కడిగేస్తుంది.

వాస్తవం: వాన మోసుకుపోతుంది, అంతే. ఎక్కడికి? మన దగ్గర చాలా కాలనీల్లో మోరీ నీళ్ళు ఏ శుద్ధి కేంద్రానికీ పోవు. మోరీ నాలాలో కలుస్తుంది, నాలా చెరువులో కలుస్తుంది. మనవేమో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువులోకే. మీ షెడ్డు ముందు పారబోసింది ఒక్క చెరువుతో ఆగదు. ఏళ్ళ తరబడి పేరుకున్న పూడిక తీయడానికి 2024 చివర్లో భద్రకాళి చెరువు నీళ్ళు బయటికి వదలాల్సి వచ్చింది. ఆ అడుగు ఎట్లా ఉందో ఊరంతా కళ్ళారా చూసింది.

తొలి వాన సంగతి ఇంకా ఘోరం. ఎండాకాలమంతా నేల మీద పడ్డ ఆయిల్, గ్రీసు, బ్రేకుల పొడి, టైర్ల పొడి ఒక్కసారిగా కదిలేది అప్పుడే. చెరువులో నీళ్ళు అడుగంటిన రోజులవి, పడ్డది పలచబడే వీలుండదు. ఆయిల్ పొర నీటి మీద పరుచుకుంటే కిందికి గాలి దిగదు, చేపలకు ఊపిరాడదు. మృగశిర నాడు చేపల కోసం బజార్లో ఎగబడేది మనమే కదా!

చీకటి పడ్డాక, జోరు వానలో, కాలిన ఆయిల్ డ్రమ్ము మోరీలోకి వంచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. ఒక్క కారుకు ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్లు, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల మంచినీళ్ళను పాడు చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. చట్టం మాటకొస్తే, 1974 నీటి చట్టం 24వ సెక్షన్ ప్రకారం కాలుష్యాన్ని తెలిసి తెలిసి వాగులోకో, బావిలోకో, మురుగు కాలువలోకో వదలడం నిషేధం. పైగా అది డబ్బులొచ్చే సరుకు. మూత ఉన్న డ్రమ్ములో, నీళ్ళు కలవకుండా దాచండి. దాన్ని అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి అడిగినోళ్ళకల్లా పోసివ్వకండి. అది కూడా వానకు మోరీలోకే జారుతుంది.

ములుగు రోడ్డు వైపు ఒక సర్వీసింగ్ సెంటర్ ఉండేది. ప్రతి వానకాలం షెడ్డులోకి నీళ్ళు ఎగదన్నేవి. 2023 జూలై వరదల్లోనైతే విప్పి పెట్టిన రెండు ఇంజన్లు మునిగాయని దాని యజమాని కన్నీళ్ళ పర్యంతమయ్యాడు. తప్పంతా మున్సిపాలిటీదే అని ఆయన నమ్మకం. అంత పెద్ద వరదకు ఎవరి మోరీ అయినా పొంగుతుంది, నిజమే. కానీ మామూలు వానకు కూడా ఎందుకు? ఇద్దరు మనుషుల్ని పెట్టి ఆయన షెడ్డు ముందరి మోరీ మీద బండలు ఎత్తించాం. లోపల మోకాలెత్తున తారులాంటి ముద్ద. ట్రాక్టర్ల నుంచి కడిగిన రేగడి మన్నుకు ఆయిల్ పట్టి, గుడ్డపేలికలతో కలిసి గట్టిపడింది. ఇన్నేళ్ళూ కొట్టుకుపోయిందనుకున్నది పది గజాలు కూడా దాటలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇదంత నా షాపుదేనా సార్?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. మనసుకు కష్టమే అనిపించింది, ఎందుకంటే ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ మన్ను ఎటు పోతుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మిగతావి త్వరగా చెప్తాను.

ఇంకుడు గుంతలోకి పంపితే భూమే వడపోస్తుందని కొందరి ధీమా. ఇంకుడు గుంత డాబా మీది వాన నీళ్ళకు. సర్వీసింగ్ నీళ్ళు అందులోకి పంపితే రేపు మీ బోరు నీళ్ళే ఆయిల్ వాసన కొడతాయి.

సబ్బు నీళ్ళు మంచివే అనుకోవద్దు. సబ్బు ఆయిల్‌ను సన్న బొట్లుగా విడగొట్టి నీళ్ళలో కలిపేస్తుంది. అప్పుడు ఏ తొట్టిలోనూ అది పైకి తేలదు.

మోరీలో బ్లీచింగ్ చల్లితే సరిపోదు. క్రిములు చస్తాయేమో గానీ ఆయిల్ అట్లాగే ఉంటుంది.

ఇసుక, కంకర రోడ్డు మీద పోస్తే ఏమవుతుంది అంటారు మేస్త్రీలు. ఒక్క వానకు సగం ఇసుక మోరీలో ఉంటుంది, మీ డబ్బే. మిల్లర్ (కాంక్రీటు కలిపే మెషీన్) కడిగిన సిమెంటు నీళ్ళు చేపలకు విషం, మోరీలో గడ్డకడితే గడ్డపారతో పగలగొట్టాలి.

ఇక వాట్సాప్‌లో తిరిగే మాట: లక్షలు పోసి నీళ్ళు శుద్ధి చేసే మెషీన్ పెట్టకపోతే షాపు సీజ్ చేస్తారట. ఇది విని రాత్రిళ్ళు నిద్రపోని చిన్న షాపుల వాళ్ళను చూశాను. ఆ భయాన్ని సొమ్ము చేసుకుంటూ మెషీన్లు అమ్మేవాళ్ళనూ చూశాను. మీ పనికి ఏ అనుమతి కావాలో కాలుష్య నియంత్రణ మండలి వరంగల్ ప్రాంతీయ కార్యాలయంలో అడగండి, అమ్మేవాడిని కాదు. చిన్న షెడ్డుకు ముందు కావాల్సింది ఆయిల్ మార్చే చోట పైన రేకు, కింద ట్రే, ఒక మూత డ్రమ్ము, మూడు అరల తొట్టి. మొదటి అరలో మన్ను దిగుతుంది, రెండో అరలో ఆయిల్ తేలుతుంది. మూడో దాంట్లోకి అడుగున ఉన్న నీళ్ళే పోయేలా పైపు మూతి కిందికి వంచాలి. మేస్త్రీ కట్టగలడు. మన్ను తీయడం, తేలిన ఆయిల్‌ను డ్రమ్ములోకి ఎత్తడం మానేస్తే మాత్రం ఆ తొట్టి ఉన్నా లేనట్టే.

చాలామంది చివర్లో గొంతు తగ్గించి అడిగేది ఒకటుంది: "ఇప్పటికే నేలంత ఆయిలే ఉంది, ఏం జేయాలె?" నీళ్ళు కొట్టి కడగకండి. తడి ఉన్నచోట వడ్ల ఊక చల్లండి, రైస్ మిల్లుల దగ్గర బస్తాలకు బస్తాలు దొరుకుతుంది. పీల్చుకున్నాక ఊడ్చి, నల్లబడ్డ పై మట్టిని పారతో గీకి, సంచుల్లో కట్టి రేకు కింద పెట్టండి. కాల్చొద్దు, చెత్తబండిలో వేయొద్దు. కాలిన ఆయిల్‌తో పాటు దాన్నీ ఎక్కడికి పంపాలో మండలి కార్యాలయంలోనే చెప్తారు. ఇదంతా మృగశిరకు ముందే చేయండి.