అటెన్‌బరో: ఒక అరుదైన ఇంటిపేరు చెప్పే చరిత్ర

ఇంగ్లండ్ మధ్యభాగంలో, నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిశలో, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరు ఉంది. గాంధీజీ జీవితాన్ని 1982లో వెండితెరకు ఎక్కించిన రిచర్డ్ అటెన్‌బరో, వన్యప్రాణుల చిత్రాలతో ప్రపంచమంతటికీ పరిచితుడైన ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన వంశానికి చెందినవారు. అన్నదమ్ములిద్దరూ ఇంత ప్రసిద్ధులైనందువల్ల ఈ పేరు అక్కడ సర్వసాధారణమని అనిపించవచ్చు గాని, నిజానికి ఇది అరుదైన పేరు. బ్రిటన్‌లో స్మిత్ అనే ఇంటిపేరు గలవారు ఐదు లక్షలకు పైగా ఉంటే, అటెన్‌బరోలు వారికంటే వందల రెట్లు తక్కువ. ఇలాంటి అరుదైన పేర్ల మీద గత రెండు దశాబ్దాలలో జరిగిన జన్యు పరిశోధన చాలా ఆసక్తికరమైనది. ఆ పరిశోధన ఫలితాలను చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు గనుక, వాటిని కాస్త ఓపికగా పరిశీలించడం అవసరం.

ముందుగా పేరు పుట్టుక. ఇంగ్లండ్‌లో ఇంటిపేర్లు 1066 నాటి నార్మన్ ఆక్రమణ తరువాత నెమ్మదిగా స్థిరపడ్డాయి. మొదట భూస్వాములు తమ ఎస్టేటు పేరును తమ పేరుకు చేర్చుకున్నారు. తరువాత రెండు మూడు శతాబ్దాలలో ఆ అలవాటు సామాన్య రైతుల దాకా పాకింది. పద్నాలుగో శతాబ్దం ముగిసేసరికి దక్షిణ, మధ్య ప్రాంతాలలో ఎక్కువమందికి తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే పేరు ఏర్పడింది. ఉత్తరాన ఇది మరికొంత ఆలస్యంగా జరిగింది. ఈ పేర్లలో కొన్ని వృత్తిని, కొన్ని తండ్రి పేరును, కొన్ని శరీర లక్షణాన్ని బట్టి వచ్చినవి. చాలా పెద్ద భాగం స్థలాలను బట్టి వచ్చినవి. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లు ఉన్నట్లే అక్కడా ఉన్నాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. అటెన్‌బరోలోనే ఉండేవాణ్ణి ఇరుగుపొరుగువారు అటెన్‌బరో అని పిలవరు, ఎందుకంటే ఆ ఊళ్లో అందరూ అక్కడివారే. ఆ ఊరు విడిచి మరో గ్రామానికి వలస వెళ్లినవాణ్ణి అక్కడివారు గుర్తుపట్టడానికి ఆ పేరు వాడతారు. కాబట్టి ఊరి పేరు ఇంటిపేరుగా మారిందంటే, దాని వెనుక ఒక వలస ఉందన్నమాట. ఆ రోజుల్లో సామాన్యుల వలస సాధారణంగా కొద్ది మైళ్ల దూరమే. అందువల్ల పేరు ఊరు దాటినా జిల్లా దాటడం తక్కువ. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టిన స్టేపుల్‌ఫర్డ్ పట్టణం నాటింగ్‌హామ్‌షైర్‌లోనే, అటెన్‌బరో గ్రామానికి కొద్ది మైళ్ల దూరంలో ఉంది. ఐదారు శతాబ్దాలు గడిచినా పేరు తన పుట్టినచోటిని అంటిపెట్టుకునే ఉందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. అక్షరక్రమం మాత్రం ఒక్కటిగా నిలవలేదు. చర్చి గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్న కాలంలో అటెన్‌బరో, అటెన్‌బర్రో వంటి పలు రూపాలు ఏర్పడ్డాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ వేర్వేరు ఇంటిపేర్లుగా చలామణిలో ఉన్నాయి.

పేరు పుట్టడం ఒక ఎత్తు, నిలవడం మరో ఎత్తు. 1348-49లో వచ్చిన ప్లేగు మహమ్మారి ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా బలి తీసుకుంది. అప్పుడప్పుడే ఏర్పడుతున్న ఎన్నో పేర్లు దానితోనే అంతరించి ఉంటాయి. అయితే మహమ్మారి లేకపోయినా పేర్లు అంతరిస్తాయని గణితం చెబుతుంది. చార్లెస్ డార్విన్ బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో 'ఎడ్యుకేషనల్ టైమ్స్' పత్రికలో ఒక ప్రశ్న వేశాడు. ప్రముఖుల వంశాలు తరచూ అంతరించిపోవడం చూసి, ఉన్నత వర్గాల సంతానశక్తి సన్నగిల్లుతోందని కొందరు అంటున్న కాలమది. అది నిజంగా క్షీణతా, లేక కేవలం సంభావ్యత చేసే పనా అన్నది గాల్టన్ సందేహం. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాధికారి, గణితజ్ఞుడు దాన్ని సమీకరణంగా మార్చాడు. 1874లో వారిద్దరూ ప్రచురించిన ఆ పరిష్కారంలో మార్గం సరైనదే గాని, ప్రతి పేరూ చివరికి అంతరించి తీరుతుందన్న ముగింపు తప్పు. ఫ్రెంచి గణితజ్ఞుడు బియనేమే 1845లోనే సరైన ఫలితానికి చేరుకున్నాడని ఆ తరువాత చాలాకాలానికి గాని లోకానికి తెలియలేదు.

ఆ లెక్క సారాంశం ఇది. వంద వేర్వేరు ఇంటిపేర్లను, ఒక్కో పేరుకు ఒక్కో పురుషుణ్ణి ఊహించుకుందాం. ప్రతి పురుషుడికీ సగటున ఒక కొడుకు పెరిగి పెద్దవాడవుతాడనుకుందాం. కాని అది సగటు మాత్రమే కాబట్టి కొందరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, కొందరికి ఒక్కరూ ఉండరు. ఇలాంటి గణనలో మామూలుగా వాడే పాయిసన్ సంభావ్యతా పంపిణీ ప్రకారం, మొదటి తరంలోనే సుమారు 37 పేర్లు పోతాయి. పది తరాలు గడిచేసరికి 84 పేర్లు, ఇరవై తరాలకు, అంటే సుమారు ఆరు వందల ఏళ్లకు, 91 పేర్లు కనుమరుగవుతాయి. మొత్తం పురుషుల సంఖ్య మాత్రం సగటున వందగానే ఉంటుంది. అంటే మిగిలిన తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటి పదకొండు మందిని మోస్తూ ఉంటాయి. ప్రతి తరంలో పదిశాతం చొప్పున జనాభా పెరిగే సమాజంలో కూడా వంద పేర్లలో 82 చివరికి అంతరించవలసినవే. ఎవరి తప్పూ, ఎవరి బలహీనతా లేకుండా జరిగే వ్యవహారమిది. అటెన్‌బరో వంటి పేరు నేటిదాకా నిలవడం ఆ వంశం గొప్పతనానికి రుజువు కాదు. తొలి తరాలలో వరుసగా కలిసివచ్చిన అదృష్టం ఫలితం. ఆ గండం దాటి పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా వచ్చిన పేర్లకు తరువాతి కాలం అనుకూలించింది. ఇంగ్లండ్, వేల్స్‌ల జనాభా 1801లో సుమారు 89 లక్షల నుంచి 1901 నాటికి 3 కోట్ల 25 లక్షలకు పెరిగింది.

ఇప్పుడు ఒక పేరు ఎందరికి ఉందో తేల్చడం పైకి కనిపించినంత సులువు కాదు. 1538లో రాజు ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలైన చర్చి రిజిస్టర్లు, 1837 జూలై నుంచి ప్రభుత్వం నమోదు చేస్తున్న జనన మరణ వివరాలు, 1841 నుంచి పేరుపేరునా జరిగిన జనాభా లెక్కలు ప్రధాన ఆధారాలు. వీటిలో 1881 జనాభా లెక్కలను వాలంటీర్లు పూర్తిగా తిరగరాసి సూచిక తయారుచేయడంతో, ప్రతి పేరునూ పటం మీద గుర్తించడం సాధ్యమైంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 1881 నాటి విస్తరణను 1998 నాటి ఓటర్ల జాబితాతో పోల్చి పటాలు రూపొందించారు. అరుదైన పేర్లు వందేళ్ల తరువాత కూడా పాత ప్రాంతంలోనే దట్టంగా కనిపించడం ఆ పటాలలో కొట్టవచ్చినట్లుండే విశేషం. అయితే ఓటర్ల జాబితాలో పిల్లలు ఉండరు. జాబితాలో దొర్లిన ఒక్క అక్షరదోషం ఎన్నడూ లేని కొత్త ఇంటిపేరును పుట్టిస్తుంది. పెళ్లి ద్వారా ఆ పేరు స్వీకరించిన స్త్రీలు లెక్కలోకి వస్తారు, అదే వంశంలో పుట్టి పెళ్లయ్యాక పేరు మార్చుకున్న ఆడపడుచులు లెక్క నుంచి తప్పుకుంటారు. కనుక ఒక పేరు గలవారి సంఖ్య, ఆ వంశంవారి సంఖ్య ఎన్నటికీ ఒకటి కావు.

ఈ చిక్కును విడదీయడానికి వై-క్రోమోజోమ్ ఉపయోగపడింది. ఇది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే, అంటే ఇంటిపేరు నడిచిన దారిలోనే, దాదాపు మార్పు లేకుండా సంక్రమిస్తుంది. దాదాపు అనడానికి కారణముంది. వై-క్రోమోజోమ్ మీద కొన్ని చోట్ల చిన్న డీఎన్ఏ ముక్క పదేపదే పునరావృతమవుతూ ఉంటుంది. ఆ పునరావృత్తుల సంఖ్య ఒక్కో చోట సుమారు ఐదు వందల తరాలకు ఒకసారి మారుతుంది. అలాంటి పదిహేడు చోట్లను పరీక్షిస్తే, ఒక వంశక్రమంలో సుమారు ముప్పై తరాలకు ఒక మార్పు వస్తుందని అంచనా. ఏడు వందల ఏళ్ల క్రితం నాటి ఒకే మూలపురుషుడి నుంచి వచ్చిన ఇద్దరు నేటి మగవారి మధ్య ఒకటి రెండు తేడాలు మాత్రమే ఉండాలి. అసలు సంబంధమే లేని ఇద్దరి మధ్య తేడాలు సాధారణంగా చాలా ఎక్కువ.

లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 2009లో 40 బ్రిటిష్ ఇంటిపేర్లకు చెందిన 1,678 మంది పురుషుల వై-క్రోమోజోమ్‌లను విశ్లేషించి ఫలితాలు ప్రకటించారు. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని కనుగొన్నది ఈ విశ్వవిద్యాలయంలోనే. ఇది ఇంకా యూనివర్సిటీ కాలేజీగా ఉన్న రోజుల్లో దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేసినది పైన చెప్పిన ఫ్రెడరిక్ అటెన్‌బరోయే. స్మిత్ వంటి అతి సాధారణ పేరు గల ఇద్దరు మగవారికి, వీధిలో ఎదురైన ఏ ఇద్దరికంటేనూ ఎక్కువ బంధుత్వం కనిపించలేదు. కమ్మరి ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు గనుక ఆ పేరు వేల చోట్ల విడివిడిగా పుట్టింది. పేరు అరుదయ్యే కొద్దీ మాత్రం బంధుత్వం పెరుగుతూ వచ్చింది. ఒకే మూలానికి చెందిన సమూహాలలో ఇమిడే పురుషుల నిష్పత్తి సగటున 62 శాతం. అది పేరును బట్టి సున్నా నుంచి 87 శాతం దాకా మారింది. అటెన్‌బరోలలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఒకే రకం వై-క్రోమోజోమ్ గలవారు. రేవన్స్‌క్రాఫ్ట్, స్విండిల్‌హర్స్ట్ వంటి అరుదైన పేర్లలోనూ పోలిక ఎక్కువే.

ఇక్కడే చాలామంది తొందరపడి ఒక నిర్ణయానికి వస్తారు: పద్నాలుగో శతాబ్దంలో అటెన్‌బరో నుంచి ఒకే ఒక మనిషి బయలుదేరాడు, వీళ్లంతా అతడి సంతానం అని. ఈ ఊహ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, లెక్క వేస్తే నిలవదు. ప్రతి తరంలోనూ కొందరు బిడ్డలకు తండ్రి పేరు వచ్చినా తండ్రి వై-క్రోమోజోమ్ రాదు: దత్తత, తల్లి పేరు తీసుకోవడం, వివాహేతర జననం, ఆస్తి కోసం పేరు మార్చుకోవడం ఇందుకు కారణాలు. 2012లో లెస్టర్‌లో ఒక కారు పార్కింగ్ కింద దొరికిన రాజు మూడవ రిచర్డ్ అస్థికల విషయంలోనూ ఇదే బయటపడింది. కాగితాల ప్రకారం అదే పురుష వంశానికి చెందిన నేటివారి వై-క్రోమోజోమ్ రాజుగారి దానితో సరిపోలలేదు. ఇలాంటి తెగతెంపులు తరానికి ఒక్క శాతం మాత్రమే అనుకున్నా, 23 తరాలు గడిచాక మూలపురుషుడి క్రోమోజోమ్ నిలిచి ఉండేది 79 శాతం మందిలో. రెండు శాతం అనుకుంటే 63 శాతం మందిలో. అటెన్‌బరోలలో అంతకంటే ఎక్కువ పోలిక కనిపిస్తోందంటే, దాన్ని ఒక్క మూలపురుషుడి ఊహతో మాత్రమే వివరించలేము.

వివరణ గాల్టన్, వాట్సన్‌ల లెక్కలోనే ఉంది. పేర్లు ఎలా అంతరిస్తాయో, ఒకే పేరులోని శాఖలూ అలాగే అంతరిస్తాయి. మొదట ఆ ఊరి నుంచి నలుగురో ఐదుగురో వేర్వేరు దిక్కులకు వెళ్లి అదే పేరు పొంది ఉండవచ్చు. వారిలో ఒక్కడి శాఖ తప్ప మిగిలినవన్నీ మగ సంతానం లేక ఆగిపోయి ఉండవచ్చు. మిగిలిన శాఖలో కూడా మళ్లీ ఒక ఉపశాఖే విస్తరిస్తే, నేటి పోలిక అసలు పేరుకంటే చిన్న వయసు గల పూర్వికుడి దగ్గరకు చేరుతుంది. ఇలా కేవలం సంభావ్యత వల్ల వైవిధ్యం తరిగిపోవడాన్ని శాస్త్రవేత్తలు జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు. తమ పరిశోధనలో చాలా సమూహాల వయసు తక్కువగా కనిపించడం చూసి, ఏడు శతాబ్దాల నాటి తొలి మూలపురుషుల గురించి నేటి జన్యు చిత్రం నమ్మదగిన సమాచారం ఇవ్వలేదని కింగ్, జాబ్లింగ్ స్వయంగా హెచ్చరించారు. ఆ పరిశోధనలోకెల్లా విలువైన మాట ఇదేనని నా అభిప్రాయం. వార్తల్లో ఎక్కువగా వినిపించింది మాత్రం 87 శాతమే.

కింగ్ బృందం 2007లో వెల్లడించిన మరో ఉదంతం అరుదైన పేరు ఎంతటి ఆధారమో చూపుతుంది. తూర్పు యార్క్‌షైర్‌కు చెందిన ఒక అరుదైన ఇంటిపేరు గల వ్యక్తిలో, పశ్చిమాఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనిపించని ఏ1 అనే వై-క్రోమోజోమ్ రకం బయటపడింది. తన వంశంలో ఆఫ్రికా మూలం ఉందన్న జాడ ఆయనకు ఏమాత్రం లేదు. అదే పేరు గల 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో అదే రకం దొరికింది. దస్తావేజులు తవ్వితే వారు 1780ల నాటి యార్క్‌షైర్‌లోని రెండు వంశవృక్షాల కిందికి వచ్చారు. ఆ ఆఫ్రికా పూర్వికుడు రోమన్ సైన్యంతో వచ్చాడా, పదహారో శతాబ్దం తరువాతి బానిస వ్యాపారపు రోజుల్లో వచ్చాడా అన్నది డీఎన్ఏ తేల్చలేదు. కాని ఆ పేరు స్మిత్ అయివుంటే, ఆ ఏడుగురినీ ఒకచోట చేర్చడం ఎవరికీ సాధ్యమయ్యేది కాదు.

ఈ బంధం నేరపరిశోధనకూ ఉపయోగపడుతుందని 2006 నాటి వారి తొలి పరిశోధన సూచించింది. ఒకే ఇంటిపేరు గల 150 జంటల పురుషులను పరీక్షించగా, సుమారు 24 శాతం జంటలకు దగ్గరి కాలపు ఉమ్మడి పూర్వికుడు ఉన్నట్లు అంచనా వచ్చింది. అరుదైన పేర్లలో ఈ సంభావ్యత ఇంకా ఎక్కువ. ఘటనాస్థలంలో దొరికిన వై-క్రోమోజోమ్‌ను బట్టి అనుమానితుడి ఇంటిపేరును ఊహించి, విచారణ జాబితాను కుదించుకోవచ్చన్నది ఆలోచన. పేరు అరుదైనకొద్దీ ఆ ఊహ బలపడుతుంది. అదే కారణంగా, ఆ పేరు గల ప్రతి నిరపరాధి మీదా అనుమానం నీడ పడే ప్రమాదమూ పెరుగుతుంది గనుక, దాన్ని సాక్ష్యంగా కాక దారి చూపే సూచనగా మాత్రమే వాడాలి. పైగా ఇంగ్లండ్‌లో బిడ్డకు తండ్రి ఇంటిపేరే పెట్టాలన్న చట్టం లేదు, అది ఆచారం మాత్రమే. తల్లి పేరు పెట్టేవారూ, రెండు పేర్లూ కలిపి రాసుకునేవారూ ఉన్నారు. అలా పేరు పొందిన కుటుంబాలలో ఇంటిపేరూ వై-క్రోమోజోమూ ఇకమీదట వేర్వేరు దారుల్లో సాగుతాయి.