మారథాన్ తర్వాత మళ్లీ పరుగు: నొప్పి పోయిన రోజే అసలు జాగ్రత్త

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అయిపోయిన వారంలో మా ఫిజియో క్లినిక్‌కి వచ్చేవాళ్లని మెట్ల దగ్గరే గుర్తుపట్టేయొచ్చు. ఎక్కడం బాగానే ఎక్కుతారు, దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ పట్టుకుని పక్కకి తిరిగి, కొందరైతే ఏకంగా వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతారు. అందరి ప్రశ్నా ఒకటే: "మళ్లీ ఎప్పుడు పరుగెత్తొచ్చు?" దానికి జవాబు చెప్పేముందు, ఎక్కడో విని నమ్మేసిన కొన్ని మాటల్ని సరిచేయాల్సి వస్తుంది.

అపోహ: కాళ్లలో లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, కాస్త పరుగెత్తితే కరిగిపోతుంది.

పరుగు ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు తొడలు పట్టేయడానికి కారణం కండరాల పోగుల్లో పడ్డ సన్న చిరుగులు. పల్లం దిగేటప్పుడు ఒంటి బరువుని ఆపడానికి తొడ ముందువైపు కండరం సాగుతూనే బిగుసుకోవాలి, దెబ్బ ఎక్కువ తగిలేది అప్పుడే. అందరూ రేసు దారిలో ఫ్లైఓవర్లు ఎక్కలేక తిట్టుకుంటారు గానీ ఈ నొప్పి చాలావరకు దిగినందుకే. మెట్లు దిగడానికి పనిచేసేదీ ఆ కండరమే కదా!

అపోహ: నొప్పి పోయిందంటే ఒళ్లు రెడీ.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఒళ్లునొప్పులు ఐదారు రోజుల్లో సర్దుకుంటాయి, కండరం లోపలి మరమ్మతు మాత్రం ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది. ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు) ఇంకా నిదానం, పైగా అవి కండరంలా ముందే అరిచి చెప్పవు. పోయినేడు ఒకాయన, ఐటీ ఉద్యోగి, తొమ్మిదో రోజుకి ఎక్కడా నొప్పి లేదని 16 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చారు. "ఈజీగానే వెళ్లాను సార్" అన్నారు, వాచ్ చూస్తే ఇంచుమించు రేసులో పరుగెత్తిన వేగమే. మోకాలి కింద ఎముక లోపలి అంచు మీద వేలితో తడుముతూ వెళ్తే సరిగ్గా రూపాయి బిళ్లంత చోట ఉలిక్కిపడ్డారు. ఒంటికాలి మీద గెంతమంటే ఒక్క గెంతుకే ఆగిపోయారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు (మొదట్లో చాలాసార్లు కనిపించదు), ఎమ్మారైలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడ్డ ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్న పగులు) అని తేలింది. ఇంకొన్ని వారాలు ఓపిక పట్టలేక రెండు నెలలు పరుగు బంద్!

అపోహ: రెండు వారాలు ఆగితే కష్టపడి తెచ్చుకున్న ఫిట్‌నెస్ అంతా పోతుంది.

పోదు. పది పదిహేను రోజుల విరామంలో తగ్గేది చాలా కొంచెం, అదీ త్వరగానే తిరిగొస్తుంది. అలాగని మంచానికి అతుక్కుపోవద్దు. నేను మామూలుగా చెప్పేది ఇది: మొదటి వారం నడక మాత్రమే, నాలుగో రోజు నుంచి ఇష్టముంటే ఈత గానీ తేలికగా సైకిల్ గానీ. రెండో వారం రోజు విడిచి రోజు 20-30 నిమిషాలు, పక్కవాళ్లతో ఆయాసం లేకుండా కబుర్లు చెప్పగలిగే వేగంలో. మూడో వారం 40-45 నిమిషాల దాకా వెళ్లొచ్చు, స్పీడ్ వర్క్ (వేగం పెంచే సాధన), లాంగ్ రన్ నాలుగో వారం దాటాకే. పొద్దున్నే లేవగానే నాడి చూసుకోండి, ఎప్పటికన్నా నిమిషానికి ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు నడకతో సరిపెట్టండి. న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫోస్టర్ పేరు మీద ఒక లెక్క ఉంది, రేసులో ఎన్ని మైళ్లు పరుగెత్తితే అన్ని రోజులు మళ్లీ రేసు వద్దని. మారథాన్ దాదాపు 26 మైళ్లు కాబట్టి 26 రోజులన్నమాట. 1974 కామన్వెల్త్ గేమ్స్ మారథాన్‌లో 41 ఏళ్ల వయసులో రజతం గెలిచిన మనిషి మాట కాబట్టి నాకు దాని మీద గురి.

అపోహ: పెయిన్‌కిల్లర్ వేసుకుని పరుగెత్తేయొచ్చు.

వద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు కిడ్నీల మీద పడతాయి, పైగా ఆగమని చెప్పే నొప్పినే నొక్కేస్తాయి. మర్నాడే గట్టి మసాజ్ కూడా అనవసరం, రెండు మూడు రోజులు ఆగండి.

అపోహ: మారథాన్ తర్వాత ఏ నొప్పైనా మామూలే.

మూత్రం కోలా రంగులో వస్తే అది మామూలు కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. రేసు అయ్యాక రాత్రంతా బస్సులో కూర్చుని ఊరెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: రెండు పిక్కలూ నొప్పెడితే పరుగు వల్ల అనుకోవచ్చు గానీ, ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టిందేమో అని అనుమానించాలి. దాన్ని పిసకొద్దు, ఫిజియో దగ్గరికి కూడా వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే.