కాథలిక్ అమ్మాయిల హైస్కూల్లో ఆటల సీజన్లు, గ్రాడ్యుయేషన్: అపోహలు – వాస్తవాలు

కాలిఫోర్నియాలో ఒక కాథలిక్ అమ్మాయిల హైస్కూల్లో నేను క్రాస్ కంట్రీ (గడ్డి, మట్టి దారుల్లో దూరపు పరుగు), ట్రాక్ (మైదానంలో పరుగు పందేలు) కోచ్‌ని. బే ఏరియాలో తెలుగు కుటుంబాలు పెరిగేకొద్దీ మా టీముల్లోనూ మన పిల్లలు పెరిగారు. తల్లిదండ్రులు ఎన్ని రకాలుగా అడిగినా చివరికి ఒక్క మాట దగ్గరికే వస్తారు: ఆటల వల్ల చదువు పాడవుతుందేమో అని. ఆ భయంతోనే పన్నెండో తరగతిలో, సరిగ్గా చివరి సీజన్ ముందు, పిల్లని టీం మాన్పిస్తారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

అపోహ: ఆటల్లో చేరితే చదువు అటకెక్కుతుంది.

ఇక్కడ మార్కులు లేకపోతే అసలు ఆడనివ్వరు. రాష్ట్రంలో హైస్కూల్ ఆటలు నడిపేది కాలిఫోర్నియా ఇంటర్‌స్కొలాస్టిక్ ఫెడరేషన్, అందరూ సీఐఎఫ్ అంటారు. దాని నిబంధనల ప్రకారం జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, 4.0కి కనీసం 2.0 ఉండాలి. ప్రాక్టీసు రోజుకి 4 గంటలు, వారానికి 18 గంటలు దాటకూడదు. పోటీ ఉన్న రోజుని 3 గంటల కింద లెక్కేస్తారు. ఆదివారం ప్రాక్టీసు ఉండదు.

పైగా ఏడాదంతా ఆడాల్సిన పని లేదు. ఆగస్టు నుంచి నవంబర్ దాకా వాలీబాల్, క్రాస్ కంట్రీ, టెన్నిస్, గోల్ఫ్. చలికాలంలో బాస్కెట్‌బాల్, సాకర్. ఫిబ్రవరి నుంచి మే దాకా ట్రాక్, స్విమ్మింగ్, సాఫ్ట్‌బాల్, లాక్రాస్. వీటిలో ఒక్క సీజన్ ఆడినా చాలు. నేను చూసినంతలో పిల్లలు అలిసిపోయేది స్కూల్ టీం వల్ల కాదు. దానికి తోడు క్లబ్ టీం, శనివారం ఊరు దాటి టోర్నమెంట్, ఆ పైన కూచిపూడి, మ్యాథ్ కోచింగ్ అన్నీ ఒకే సీజన్‌లో పెట్టడం వల్ల. తగ్గించాలనుకుంటే ముందు అక్కడ తగ్గించండి.

ట్రాక్ మీట్‌కి ఒకసారి వచ్చి చూడండి. 3200 మీటర్ల పరుగు దాదాపు ఆఖర్న ఉంటుంది. అప్పటిదాకా ఆ పరుగు ఉన్న పిల్లలు టెంట్ కింద టార్పాలిన్ మీద బోర్లా పడుకుని కాలిక్యులస్ లెక్కలు చేసుకుంటుంటారు. పక్కనే స్పైక్స్ బూట్లు, సగం తిన్న బేగెల్ రొట్టె. చేతిలో మూడు గంటలే ఉన్నాయని తెలిసిన పిల్ల ఆ మూడు గంటల్ని వాడుకోవడం నేర్చుకుంటుంది. సీజన్ అయిపోయాకే బద్ధకం వచ్చిందని తల్లులే నాతో అంటారు.

అపోహ: చిన్నప్పటి నుంచి ఆడకపోతే టీంలోకి తీసుకోరు.

వాలీబాల్, సాకర్ విషయంలో ఇది చాలావరకు నిజం. ట్రైఔట్స్, అంటే టీం ఎంపికలు, గట్టిగానే ఉంటాయి. కానీ క్రాస్ కంట్రీ, ట్రాక్ లాంటివి చాలా స్కూళ్లలో ఎవరినీ తీసేయవు. అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ని సీఐఎఫ్ 2023లోనే గుర్తించింది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అందులో చాలామంది. అమ్మాయిల స్కూల్లో ఇంకో సౌకర్యం ఉంది: జిమ్ కోసం అబ్బాయిల టీంతో వంతులు వేసుకోనక్కర్లేదు.

అపోహ: ఎండకి నల్లబడిపోతుంది, గ్రాడ్యుయేషన్ ఫోటోలు పాడవుతాయి.

ఇది నవ్వి వదిలేసే మాట కాదు, పిల్లలు ఆ మాట మోసుకుంటూ ప్రాక్టీసుకి వస్తారు. అమ్మాయిల కాథలిక్ స్కూళ్లలో చాలాచోట్ల గ్రాడ్యుయేషన్‌కి నల్ల గౌను ఉండదు. తెల్లటి పొడవాటి డ్రెస్, చేతిలో పువ్వులు. జెర్సీ అంచు దగ్గర, వాచీ కింద తేలిన రంగు తేడా అందులో కనిపిస్తుంది నిజమే. కనిపించనివ్వండి. సన్‌స్క్రీన్ చర్మ ఆరోగ్యం కోసం రాయండి, రంగు కోసం కాదు.

మీరు చూడాల్సింది వేరే ఉంది. "పరిగెత్తే పిల్లలకి నెలసరి ఆగిపోవడం మామూలే" అని కొందరు అనుకుంటారు. మామూలు కాదు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేదని శరీరం చేస్తున్న హెచ్చరిక అది, ఎముకలు కూడా బలహీనపడతాయి. డాక్టర్‌కి చూపించండి. శాకాహారులైన అమ్మాయిలకి ఐరన్ పరీక్ష కూడా అడగండి.

అపోహ: బాగా ఆడితే కాలేజీ ఫీజు మాఫీ.

ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటలు నడిపే సంస్థ) డివిజన్ 3 కాలేజీలు, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు ఆటల స్కాలర్‌షిప్పే ఇవ్వవు. పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్లో ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్ లాంటి 16 కోర్ కోర్సులు కావాలి. అందులో 10, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. ఇది తొమ్మిదో తరగతిలోనే కౌన్సెలర్‌తో మాట్లాడాల్సిన విషయం. స్కాలర్‌షిప్ కోసమే ఆడించకండి.

అపోహ: హిందూ పిల్లల్ని చేర్చుకోరు, చేర్చుకున్నా మతం మారుస్తారు.

చేర్చుకుంటారు. మాస్‌కి, అంటే కాథలిక్ ప్రార్థనకి, అందరితో పాటు కూర్చోవాలి. అందులో ఇచ్చే కమ్యూనియన్ ప్రసాదం కాథలిక్కులకి మాత్రమే. మిగతావాళ్లు తమ చోటే ఉండొచ్చు, లేదా చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని దీవెన తీసుకోవచ్చు. అయితే థియాలజీ (మత పాఠాలు), సేవా గంటలు (సమాజ సేవకి ఇవ్వాల్సిన సమయం) ఎవరికైనా తప్పవు. చాలా థియాలజీ క్లాసులు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) జీపీఏ లెక్కలోకి రావని తేలిగ్గా తీసుకుంటారు. డిప్లొమా ఇచ్చేది యూసీ కాదు, స్కూలు. సేవా గంటలు మిగిలిపోయి మే నెలలో పరుగులు పెట్టే పిల్లలు ఏటా కనిపిస్తారు.

అపోహ: అడ్మిషన్ వచ్చేసింది, ఇక చివరి సెమిస్టర్‌తో పని లేదు, సీజన్‌తో అసలే లేదు.

యూనివర్సిటీలు చివరి ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతాయి. యూసీలకైతే జూలై 1 లోపు అందాలి. గ్రేడ్లు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవచ్చు.

సీజన్ సంగతి. నాలుగేళ్లు టీంతో ఉన్న అమ్మాయికి సొంత మైదానంలో చివరి పోటీ రోజున సీనియర్ నైట్ చేస్తారు. పేరు పిలుస్తారు, అమ్మానాన్నలతో కలిసి నడుస్తుంది, చిన్న తరగతుల పిల్లలు పువ్వులిస్తారు. ఫిబ్రవరిలో మాన్పించిన అమ్మాయి ఆ రోజు గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొడుతుంది. మాన్పించినందుకు గ్రేడ్లు పెరిగిన దాఖలా నేనైతే చూడలేదు.

తేదీలు ఒకదాని మీద ఒకటి పడతాయి, అది మాత్రం నిజమైన ఇబ్బందే. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి సబ్జెక్టుల) పరీక్షలు మే మొదటి రెండు వారాలు. సెక్షన్ (సీఐఎఫ్ ప్రాంతీయ విభాగం) పోటీలు కూడా మేలోనే, రాష్ట్ర ట్రాక్ పోటీలు ఆ నెల చివర్లో. అదే సమయానికి బాకలారియేట్ మాస్ (గ్రాడ్యుయేట్ల కోసం చేసే ప్రత్యేక ప్రార్థన), గ్రాడ్యుయేషన్ రిహార్సల్. ఇండియా నుంచి తాతయ్య, అమ్మమ్మ వస్తుంటే టికెట్లు కొనేముందు స్కూల్ క్యాలెండర్, టీం క్యాలెండర్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ ఢీకొంటుందో ఫిబ్రవరిలోనే కోచ్‌కి ఈమెయిల్ చేస్తే నలుగురు పరిగెత్తే రిలేలో మార్పు చేసుకోగలం. ఏప్రిల్ ఆఖర్న చెబితే మిగతా ముగ్గురు పిల్లలూ ఇరుక్కుంటారు.