అడుగు దూరంలో ముక్కు

కావలి

చిట్టితల్లులకు, మీ స్నేహితురాళ్ళకు కూడా,

మీలో ఒకరు, పేరు రాయనులే, ముక్కు చిన్నది చేసే ఆపరేషనుకు ఎంతవుతుందని అడిగారు. పదో తరగతి పిల్ల అడగాల్సిన మాటేనా అని వాళ్ళమ్మ మండిపడింది. నాకు మాత్రం కోపం రాలేదు. ఇన్నేళ్ళు సైన్సు పాఠాలు చెప్పినదాన్ని కదా, ముందు ఆ ముక్కును ఏ ఫోటోలో చూసుకుందో కనుక్కోవాలనిపించింది. అనుకున్నట్టే, సెల్ఫీ.

సెల్ఫీ తీసేటప్పుడు ఫోను మొహానికి అడుగు, అడుగున్నర దూరంలో ఉంటుంది. చెవుల కంటే ముక్కు కెమెరాకు దగ్గర. దగ్గరున్నది పెద్దగా, వెనకున్నది చిన్నగా పడుతుంది. 2018లో అమెరికా డాక్టర్లు కొందరు దీన్ని లెక్కగట్టారు. అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. అయిదడుగుల నుంచి తీస్తే ఆ తేడా పోతుంది. నమ్మకపోతే ప్రహరీగోడ మీద ఫోను నిలబెట్టి, టైమరు పెట్టి, అయిదడుగులు వెనక్కి జరిగి తీసుకోండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాక ఆపరేషను ముక్కుకా, ఫోనుకా అన్నది మాట్లాడుకుందాం.

ఫిల్టరు గురించి మీకు నేను చెప్పేదేముంది, నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ఒక్కటే గుర్తుంచుకోండి. మచ్చ లేకుండా, దవడ చెక్కినట్టుండే ఆ మొహం రీలు పెట్టిన పిల్లకు కూడా లేదు.

ఇంకొకరికి తొడలు లావయ్యాయని బెంగ. పెద్దమనిషయ్యే వయసులో ఆడపిల్లకు తుంటి దగ్గర, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. చేరాలి కూడా. తిండి మరీ తగ్గించి ఒళ్ళు ఎండగట్టుకుంటే నెలసరి ఆగిపోవచ్చు. మొటిమలూ ఈ వయసు హార్మోన్ల పనే, చర్మం కింది నూనె గ్రంథులు జోరుగా పనిచేస్తాయి. ఒకరికి ముందు బరువు పెరిగి తర్వాత ఎత్తు పెరుగుతుంది, ఇంకొకరికి ముందే సాగినట్టు పొడుగొస్తుంది. పక్క బెంచీ పిల్లతో కొలుచుకుంటే ఏమీ తేలదు.

నాకు అసలు భయం దీని గురించి కాదు. పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం డబ్బాలో సగం కుక్కలకు పెట్టే పిల్లల గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అసలే రక్తం చాలని ఒంటికి ఉపవాసాలా? బళ్ళో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర కిటికీలోంచి ఎట్టా ఎగిరిపోతుందో నేను కళ్ళారా చూసినదాన్నే. నా దగ్గర దాచొద్దు.

ఇక ఆ ఫోను లోపలి వ్యాపారం. డైటు వీడియో దగ్గర మీ వేలు కాసేపు ఆగిందనుకోండి, లైకు కొట్టకపోయినా సరే, అట్టాంటివే ఇంకో పది తెచ్చి పోస్తుంది. మీకు నచ్చిందా, ఏడుపొచ్చిందా దానికి అనవసరం. మీరు ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత డబ్బు. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో ఫేస్‌బుక్ కొనుక్కుంది. ఆ కంపెనీ లోపల చేయించుకున్న పరిశోధన 2021లో బయటపడింది. తమ ఒంటి మీద తమకే అసంతృప్తిగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తే అది ఇంకా ఎక్కువైందని టీనేజీ ఆడపిల్లల్లో 32 శాతం మంది చెప్పారని అందులో ఉంది. ఆ కాగితాలు బయటపెట్టిన ఫ్రాన్సిస్ హాగెన్ అక్కడ పనిచేసిన మనిషే.

మనకు పడమరగా కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. 1990ల మొదట్లో ఆ ఊరి ఆడవాళ్ళు రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నారు. పగలంతా చేసిన కూలి డబ్బు సారా కొట్టుకు ఎందుకు పోతోందని ఆ బడిలోనే మాట్లాడుకున్నారు. రోశమ్మ ముందు నిలబడింది, ఊళ్ళో సారా దుకాణం మూతపడింది, ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించింది. మొగుళ్ళను తిట్టి ఊరుకోకుండా, ఈ తాగుడుతో ఎవరి జేబు నిండుతోందని అడిగారు చూడండి, అదీ వాళ్ళ తెలివి. మీరు అద్దం ముందు ఏడ్చేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి. ఫోనులో పనికిరాని వీడియోలు ఎదురైతే మూడు చుక్కలు నొక్కి "ఆసక్తి లేదు" అని కొట్టండి. కొన్నాళ్ళు విసుగు లేకుండా కొడితే వచ్చేవి మారతాయి.

తప్పంతా ఫోను మీదే వేయడం కూడా న్యాయం కాదు. ఇన్‌స్టాగ్రామ్ పుట్టింది 2010లో. "పిల్ల కళగా ఉంది గానీ ఛాయ తక్కువ" అనే మాట మన పెళ్ళిచూపుల్లో దానికి తాతలనాటిది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975 నుంచి అమ్ముడుపోయింది, ఆ పేరులోంచి ఫెయిర్ తీసేసింది 2020లో. పెళ్ళిళ్ళలో కనపడగానే "ఏందే ఇట్టా నల్లబడ్డావ్" అనే అత్తలకు నేను వేరే ఉత్తరం రాస్తాను. అది ఇంత మెత్తగా ఉండదు.

మనసు మరీ బరువైతే, తిన్నది కక్కేయాలనిపిస్తే, అమ్మకో నాకో చెప్పండి. మాకు చెప్పలేకపోతే 14416కు ఫోను చేయండి, టెలీ మానస్, ప్రభుత్వానిది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరగా, మెడికల్ షాపులో తెచ్చుకుని పుస్తకాల సంచీలో దాచుకున్న ఆ తెల్లబడే క్రీము. ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. మొదట మొహం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రగా కందుతుంది, మొటిమలు లేస్తాయి. చాలాకాలం రాసి ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. అందుకని పారేయకుండా ఆ ట్యూబు పట్టుకురండి, నెల్లూరు పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోతాను. మీ నాయనకు ముక్కు చూపించడానికని చెప్దాం.

మీ అవ్వ